పళ్ల మీద ఊరి నీళ్లు

పొదిలి, దర్శి, కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో మనిషి నోరు తెరిస్తే చాలు, ఆ నేల మీదే పుట్టి పెరిగాడో, బయటి నుంచి వచ్చి స్థిరపడ్డాడో చెప్పేయవచ్చు. అక్కడే పుట్టినవాళ్ల ముందుపళ్ల మీద సుద్ద పూసినట్టు తెల్లటి మరకలు, వాటి నడుమ పసుపు చారలు, ముదిరినచోట గోధుమరంగు పట్టీలు ఉంటాయి. వేపపుల్లతో తోమినా, కచ్చికతో రుద్దినా ఆ మరక వదలదు. అదే ఊరికి కాలువల ప్రాంతం నుంచి కోడలుగా వచ్చిన మనిషి ఇరవై ఏళ్లు అవే బావి నీళ్లు తాగినా ఆమె పళ్లకు మచ్చ పడదు. ఆమె పిల్లలకు మాత్రం పాలపళ్లు ఊడి కొత్త పళ్లు మొలిచేసరికి మరకలు కనిపిస్తాయి. అలాగని ఆ నీళ్లు తల్లిని విడిచిపెట్టాయని కాదు. నడివయసు దాటాక నడుము పట్టేసి, మెడ తిరగక, మోకాలు ముడవలేక మంచానికి చేరేవాళ్లలో ఇలాంటి కోడళ్లూ ఉంటారు.

కుండ ఒకటే, నీళ్లూ అవే. బిడ్డకు పంటి మీద దెబ్బ, తల్లికి ఎముకల మీద దెబ్బ. తేడా అంతా వయసులో ఉంది. శాశ్వత దంతాల పైన ఉండే ఎనామిల్ పొర దవడ లోపలే తయారవుతుంది. ముందుపళ్లకు పుట్టిన కొద్ది నెలల్లోనే ఆ పని మొదలవుతుంది. జ్ఞానదంతాలను పక్కన పెడితే, మిగతా పళ్లన్నిటికీ ఎనిమిదేళ్ల వయసుకు ఇంచుమించు పూర్తయిపోతుంది. ఆ పొరను కట్టిన కణాలు పన్ను బయటికి వచ్చేసరికి నశిస్తాయి, మళ్లీ పుట్టవు. కాబట్టి ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లు పంటి మీద అలాగే నిలిచిపోతాయి. ఎముక సంగతి వేరు. అది బతికున్నన్నాళ్లూ కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. ఆ నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ అనే పదార్థం ఏ వయసులోనైనా అందులో కలుస్తూనే ఉంటుంది.

ఈ సంగతి తెలియడానికి వైద్యులకు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ అన్వేషణ మొదలైంది మన దగ్గర కాదు, అమెరికాలోని ఒక కొండపట్టణంలో.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదివిన ఫ్రెడరిక్ మెకే 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌కు ప్రాక్టీసు పెట్టుకోవడానికి వచ్చాడు. నోరు చూపించుకోవడానికి వచ్చినవాళ్లలో ఊరి మనుషుల పళ్లన్నీ గోధుమరంగు మచ్చలతో ఉన్నాయి. పుస్తకాల్లో వెతికితే ఆ ప్రస్తావనే లేదు. పందిమాంసం ఎక్కువ తినడం వల్లనని కొందరు, నాసిరకం పాల వల్లనని కొందరు చెప్పేవారు. తోటి దంతవైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. మెకే వదల్లేదు. చివరికి షికాగోలో ఉన్న జి.వి. బ్లాక్‌ను 1909లో ఆ ఊరికి రప్పించగలిగాడు. పుచ్చుపళ్లను వాటి స్థానాన్ని బట్టి వర్గాలుగా విడదీసిన బ్లాక్ పద్ధతిని మన డెంటల్ కాలేజీల్లో ఈనాటికీ మొదటి పాఠాల్లోనే చెబుతారు. అంతటివాడికి కూడా ఈ మచ్చ కొత్తే. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లల్ని పరీక్షిస్తే ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఏదో ఒక మేరకు మచ్చలు ఉన్నాయి.

1915లో బ్లాక్ చనిపోయేవరకు ఇద్దరూ కలిసి పనిచేశారు. కారణం దొరకలేదు గానీ రెండు గట్టి గుర్తులు దొరికాయి. శాశ్వత దంతాలు పూర్తిగా గట్టిపడ్డాక ఆ ఊరికి వచ్చినవాళ్లకు మచ్చలు రావు. ఇది వయసుకు సంబంధించిన గుర్తు. రెండోది ఇంకా వింత: ఎనామిల్ లోపంతో పుట్టిన ఈ పళ్లు తొందరగా పుచ్చిపోవాలి, కానీ మామూలు పళ్లకంటే తక్కువగా పుచ్చుతున్నాయి. మెకే ఈ రెండో గుర్తును 1928లో ప్రత్యేకంగా ప్రకటించాడు. అప్పటికి అతను ఆ మచ్చల వెంట ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాడు.

ఈలోగా ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి నుంచి 1923లో పిలుపు వచ్చింది. ఐదు మైళ్ల దూరంలోని వేడినీటి ఊట నుంచి ఊరికి గొట్టం వేశాకే తమ పిల్లల పళ్లకు మచ్చలు వస్తున్నాయని అక్కడి తల్లిదండ్రులు గమనించారు. మెకే నీళ్లను పరీక్షింపజేస్తే అనుమానించదగ్గది ఏదీ బయటపడలేదు. అయినా ఆ గొట్టం వదిలేసి దగ్గర్లోని మరో ఊట నీళ్లు వాడుకోమని సలహా ఇచ్చాడు. ఊరు ఆ మాట విన్నది. కొన్నేళ్ల తర్వాత చూస్తే చిన్నపిల్లల కొత్త పళ్లు మచ్చ లేకుండా మొలుస్తున్నాయి. కారణం పేరు తెలియకుండానే ఒక ఊరు రోగాన్ని ఆపుకుంది. దంతవైద్య పరిశోధన చరిత్రలో ఓక్లీకి పెద్ద పేరు దక్కలేదు. కానీ నీళ్లను అనుమానించి, వాటిని మార్చి చూపించిన ఘనత ఆ ఊరి తల్లిదండ్రులదే.

పేరు దొరికింది ఆర్కన్సాలోని బాక్సైట్‌లో. అల్యూమినియం కంపెనీ ఆల్కోవా కట్టిన కార్మికుల ఊరది. 1909లో తాగునీటి వనరు మారాక అక్కడి పిల్లల పళ్లకు మచ్చలు మొదలయ్యాయి. ఐదు మైళ్ల అవతలి ఊరి పిల్లలకు లేవు. ప్రజారోగ్య శాఖ వైద్యుడు గ్రోవర్ కెంఫ్‌తో కలిసి మెకే రాసిన నివేదిక ఆల్కోవా ప్రధాన రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్ చేతికి చేరింది. అల్యూమినియం గిన్నెల్లో వండితే విషమనే ప్రచారం అప్పటికే కంపెనీని వేధిస్తోంది. ఈ మచ్చల నింద కూడా అల్యూమినియం మీదికి వస్తుందేమోనని చర్చిల్ భయపడి, మామూలు పరీక్షల్లో దొరకని పదార్థాల కోసం కాంతి విశ్లేషణ పద్ధతిలో ఆ నీళ్లను పరీక్షింపజేశాడు. 1931లో ఫలితం వచ్చింది: లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. నమ్మలేక మళ్లీ నీళ్లు తెప్పించి చూసినా అంతే. అదే ఏడాది అరిజోనా విశ్వవిద్యాలయంలో మార్గరెట్ స్మిత్ బృందం సెయింట్ డేవిడ్ అనే ఊరి నీళ్లను మరిగించి చిక్కబరిచి ఎలుకలకు పట్టి, వాటి పళ్లకూ అవే మచ్చలు తెప్పించింది. ఉత్తరాఫ్రికాలో వెలూ అనే ఫ్రెంచి పశువైద్యుడు కూడా ఇంచుమించు అప్పుడే ఫ్లోరైడ్ దగ్గరికే వచ్చి చేరాడు.

ఇక కావలసింది కొలత. అమెరికా ప్రజారోగ్య శాఖ ఆ పనిని హెచ్. ట్రెండ్లీ డీన్ అనే దంతవైద్యుడికి అప్పగించింది. నీళ్లలో లీటరుకు పదో వంతు మిల్లీగ్రాము ఫ్లోరైడ్‌ను కూడా పట్టుకునే పద్ధతిని ఇలియాస్ ఎల్వోవ్ తయారుచేసిచ్చాడు. మచ్చలకు డీన్ అంతస్తులు పెట్టాడు: అనుమానం, అతి స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ఎనభై ఏళ్లు దాటినా ఈ కొలబద్దనే ఇప్పటికీ వాడుతున్నారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉన్న నీళ్లతో చాలామందికి చెప్పుకోదగ్గ మచ్చలు రావని 1930ల చివరికి తేలింది. అక్కడి నుంచి డీన్ మెకే చెప్పిన రెండో గుర్తు వైపు మళ్లాడు. నాలుగు రాష్ట్రాల్లోని 21 పట్టణాల్లో 12 నుంచి 14 ఏళ్ల మధ్య వయసున్న 7,257 మంది పిల్లల నోళ్లు పరీక్షించారు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాముకు దగ్గరవుతున్నకొద్దీ పుచ్చుపళ్లు తగ్గుతూ వచ్చాయి. ఆ పైన పెంచినా ఒరిగే అదనపు మేలు స్వల్పమే.

ఆ వయసు పిల్లల్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. పన్నెండేళ్లకు జ్ఞానదంతాలూ వాటి ముందువీ తప్ప శాశ్వత దంతాలు దాదాపు అన్నీ వచ్చేసి ఉంటాయి. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఏ నీళ్లు తాగిందో తల్లికి గుర్తుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నోటి ఆరోగ్య సర్వేల్లో నేటికీ 5, 12, 15 ఏళ్లను, పెద్దల్లో 35 నుంచి 44, వృద్ధుల్లో 65 నుంచి 74 వయసులను ప్రామాణికంగా తీసుకుంటుంది. ఏ దేశం పిల్లల పళ్లను ఏ దేశం పిల్లలతో పోల్చాలన్నా పన్నెండేళ్ల వయసే కొలమానం.

డీన్ అంతస్తులు కట్టుకుంటున్న ఆ రోజుల్లోనే మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి మరో కథ బయటపడింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఒంగోలు కేంద్రంగా 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. ముందుగా కళ్లబడింది పశువులే. నడిచే ఎద్దు కాళ్లు పట్టేసి కాడి కింద కూలబడితే రైతుకు అది బతుకుతెరువుకే దెబ్బ. 1930ల నడుమ నిజాం రాజ్యంలోనూ, మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పశువైద్యులు ఈ జబ్బు గురించి రాశారు. తర్వాత మనుషుల వంతు వచ్చింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయనతోపాటు జి.ఆర్. మెక్‌రాబర్ట్, టి.డబ్ల్యు. బార్నార్డ్, ఎ.ఎస్.ఎం. నాయర్ కలిసి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఒక పత్రం వెలువరించారు. నేల నీళ్లలో సహజంగా ఉన్న ఫ్లోరైడ్ ఊళ్లకు ఊళ్ల మనుషుల ఎముకలను ఎలా మారుస్తుందో మొట్టమొదటగా వివరించిన రచనల్లో అదొకటి. ఈ షార్టే తర్వాత 1948లో గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాగే దశను కనిపెట్టాడు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలోని రేడియాలజీ సంస్థ నేటికీ బార్నార్డ్ పేరునే మోస్తోంది.

ఎక్స్‌రేలు ఉండబట్టే ఆ పత్రానికి అంత బలం వచ్చింది. వెన్నుపూసల నడుమ సంధిబంధనాలు సున్నం పేరుకుని ఎముకల్లా గట్టిపడ్డాయి. పూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి వెన్ను ఒకే కర్రలా బిగుసుకుంది. పక్కటెముకలు కదలక ఊపిరి తీయడానికి పొట్టే ఆధారమైంది. వెన్నుపాము నొక్కుకుపోయినవాళ్లకు కాళ్లు చచ్చుబడ్డాయి. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఎముకల ఫ్లోరోసిస్ ఐరోపా వైద్యులకు అప్పటికి తెలిసింది ఫ్యాక్టరీ జబ్బుగానే. కోపెన్‌హాగెన్‌లో క్రయోలైట్ రాయిని పొడిచేసే కార్మికులు ఆ ధూళి పీల్చి జబ్బుపడుతున్నారని 1932లో డెన్మార్క్ వైద్యులు గుర్తించారు. కై రోహోమ్ దాని మీద 1937లోనే బృహద్గ్రంథం ప్రచురించాడు. ఆ కార్మికుల ఎముకల్లో కనిపించిన మార్పులే నెల్లూరు జిల్లా సేద్యగాళ్ల ఎముకల్లోనూ కనిపించాయి. వాళ్లు ఏ ఫ్యాక్టరీ గడపా తొక్కలేదు. తమ బావి నీళ్లు తాగారు, అంతే.

1940లో సి.జి. పండిట్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. పిల్లల పళ్ల మచ్చలకూ పెద్దల ఎముకల వైకల్యానికీ దారితీసే పరిస్థితులేమిటన్నదే ఆ అధ్యయనం ఎత్తుకున్న ప్రశ్న. తిండి సరిగా లేని చోట ఫ్లోరైడ్ మరింత కసిగా పనిచేస్తోందని వాళ్లు గమనించారు. అదే ఏడాది కింగ్ ఇన్‌స్టిట్యూట్ నీటి పరీక్షకులు ఫ్లోరైడ్‌ను నీళ్ల నుంచి తొలగించే పద్ధతుల గురించి కూడా రాశారు. అంటే 1940 నాటికి జబ్బు తెలుసు, కారణం తెలుసు, ఏ వయసులో ఏం చేస్తుందో తెలుసు, నీళ్లు మార్చడమే మందని తెలుసు. స్వాతంత్య్రానికి ఇంకా ఏడేళ్లు ఉంది.

ఆ తర్వాతి ఏళ్లను రెండు దేశాల్లో పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. డీన్ 21 పట్టణాల లెక్క పూర్తిచేసింది 1942లో. మూడేళ్లు తిరక్కుండానే, 1945 జనవరి 25న, మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం తన తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. పోలికకు పక్కనే ఉన్న మస్కెగన్‌ను ఎంచుకున్నారు. అక్కడ ఏమీ కలపలేదు. నేల నీళ్లలో సహజంగానే ఫ్లోరైడ్ ఉన్న ఇల్లినాయి రాష్ట్రపు అరోరా పట్టణాన్ని మూడో పోలికగా తీసుకున్నారు. పదిహేనేళ్లపాటు సాగేలా వేసుకున్న ఆ పరిశీలనలో దాదాపు 30,000 మంది బడిపిల్లల పళ్లు లెక్కపెట్టారు. పదకొండేళ్ల తర్వాత చూస్తే, ఫ్లోరైడ్ కలపడం మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో పుచ్చుపళ్లు 60 శాతానికి పైగా తగ్గాయి.

ఈ పరీక్షలో లోపాలు లేకపోలేదు. మంచి ఫలితాల వార్తలు రాగానే మస్కెగన్ జనం ఆగలేక 1951లో తమ నీళ్లలోనూ ఫ్లోరైడ్ కలిపించుకున్నారు. దాంతో పోల్చడానికి ఊరే లేకుండా పోయింది. మెల్‌బోర్న్ దంతవైద్యుడు ఫిలిప్ సటన్ 1959లో ఇలాంటి ప్రయోగాల లెక్కల్లోని తప్పొప్పులను ఏకరువు పెడుతూ పుస్తకమే రాశాడు. నీళ్లలో మందు కలిపితే వద్దనుకునేవాడికి దారేదన్న ప్రశ్నకూ ఆనాడు జవాబు రాలేదు. అయినా ఒక్క విషయం కాదనలేం: అక్కడ పరిశోధకుల కాగితం నుంచి ఊరి కుళాయికి విషయం చేరడానికి మూడేళ్లే పట్టింది. కనిగిరి బావి గట్టుకు 1937 నాటి కాగితం చేరలేదు.

నల్లగొండ కథ కూడా అలాంటిదే. అక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాళ్లు. వాటిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఊరుతుంది. వానలు తక్కువ, క్షారం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న చోట ఆ ఊట మరింత పెరుగుతుంది. బావులు ఎండి బోర్లు లోతుకు దిగినకొద్దీ నీళ్లు ఎక్కువ కాలం రాతిని అంటి ఉన్నవే పైకి వస్తాయి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిన నీళ్లూ దొరికాయి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం ఒకటి దాటకూడదంటుంది, వేరే దిక్కులేని చోట మాత్రం 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఎ.హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ రోగుల మీద రాసిన పత్రం 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అదే నెల పదో తేదీన నెహ్రూ అదే జిల్లాలో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. కృష్ణ ఆ జిల్లా అంచునే పారుతుంది. మర్రిగూడ మెట్ట ఎత్తు మీద ఉంది. సాగర్ కాలువలు ఆ ఎత్తుకు ఎక్కలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో మరో మార్పును ప్రకటించారు. అంతకుముందు ఫ్లోరోసిస్ అంటే వయసు మళ్లినవాళ్ల బిగుసుకుపోయిన వెన్ను. ఇప్పుడు ఎదిగే వయసు పిల్లల్లో కాళ్లు లోపలికి వంగి మోకాళ్లు రాసుకుంటున్నాయి, ఎముక గుల్లబారుతోంది. పాత జబ్బే, వయసు మార్చుకుని వచ్చింది. ఆ కుటుంబాల తిండి ప్రధానంగా జొన్న. జొన్నన్నం తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని ఆ సంస్థ అధ్యయనాలు తర్వాత చూపించాయి. సాగర్ వచ్చాక భూగర్భ జలమట్టం పెరిగి, జొన్నలో మాలిబ్డినం ఎక్కువై, ఒంట్లో రాగి కొరవడుతోందా అన్న అనుమానమూ అప్పుడే చర్చకు వచ్చింది.

ఆ సంస్థ చేసిన మరో పరీక్ష చిన్నదే అయినా మన వంటింటికి దగ్గరిది. 2002లో అర్జున్ ఖందారే బృందం కొద్దిమంది బాలురకు 18 రోజులపాటు రోజూ 10 గ్రాముల చింతపండు తినిపించి, మూత్రంలో ఫ్లోరైడ్‌ను కొలిచింది. చింతపండు తిన్నప్పుడు ఒంట్లోంచి ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. అంతమాత్రాన పులుసు తింటే జబ్బు నయమవుతుందని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఊరి తిండిలోనే ఒక సాయం ఉందా అని వెతికిన తీరు మాత్రం మెచ్చుకోదగ్గది.

నీళ్లను శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే స్థిరపడిపోయింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థలో డబ్ల్యు.జి. నవ్‌లఖే, కె.ఆర్. బులుసు తదితరులు దాన్ని రూపొందించి 1970ల నడుమ ప్రకటించారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెట్టాలి. పటిక నుంచి ఏర్పడిన తెట్టె ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు వడకట్టుకోవాలి. బకెట్టులో ఇంట్లోనే చేసుకోవచ్చు, ట్యాంకు కట్టి ఊరంతటికీ చేయవచ్చు. టాంజానియా పల్లెల దాకా వెళ్లిన పద్ధతి ఇది. చిక్కంతా నిర్వహణలో ఉంది. నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మారాలి, మిగిలిన తెట్టెను ఎక్కడో పారబోయాలి, శుద్ధయిన నీళ్ల రుచి కొందరికి పడదు. రోజూ కూలికి వెళ్లే ఇల్లాలు పొద్దున్నే ఈ పనంతా ఏళ్ల తరబడి చేస్తుందని ఆశించడం న్యాయం కాదు. కుళాయి తిప్పితే మంచినీళ్లు రావాలన్నదే ఆ జిల్లా ప్రజల కోరిక. అది పెద్ద కోరికేమీ కాదు.

ఆ కోరికను వాళ్లు దేశానికి వినిపించిన తీరు ఎన్నికల చరిత్రలో నిలిచిపోయింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి నిలిచారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి కృష్ణా నీళ్ల కోసం ఎంచుకున్న నిరసన మార్గం అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా పడింది. గెలిచింది సీపీఐకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం. షార్ట్ పత్రానికి అప్పటికి 59 ఏళ్లు, సిద్దిఖీ పత్రానికి 41 ఏళ్లు.

పడమటి దేశాల్లో ఈలోగా ఆలోచన మరో మలుపు తిరిగింది. ఇండియానా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ మూలర్ పిల్లల మీద పరీక్షించిన ఫ్లోరైడ్ మిశ్రమంతో 1950ల నడుమ క్రెస్ట్ టూత్‌పేస్టు బజారుకు వచ్చింది. మింగితేనే పంటికి బలమన్న తొలినాటి నమ్మకం క్రమంగా సడలింది. తీపి తిన్నాక నోట్లోని సూక్ష్మజీవులు చేసే ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. పంటి పైన, లాలాజలంలో కొద్దిపాటి ఫ్లోరైడ్ ఉంటే కరిగిన ఖనిజం తిరిగి పేరుకుంటుంది. అసలు మేలు ఎక్కువగా జరిగేది ఇలా పైపైనే. చిన్నపిల్లలకు పేస్టు కాస్తే వేసి, మింగకుండా ఉమ్మించాలని దంతవైద్యులు చెప్పేది అందుకే. మింగినది దవడలో తయారవుతున్న పంటి మీద మచ్చ కావచ్చు.

వృద్ధుల విషయం పరిశోధకుల కళ్లబడింది చాలా ఆలస్యంగా. చిగురు కిందికి జారితే పంటి వేరు బయటపడుతుంది. దాని మీద ఎనామిల్ ఉండదు, కాబట్టి తక్కువ ఆమ్లానికే కరుగుతుంది. మందులు ఎక్కువ వాడేవారికి నోరు ఎండిపోయి పరిస్థితి మరింత చెడుతుంది. మామూలు పేస్టును, ఫ్లోరైడ్ దాదాపు ఐదు రెట్లు ఉన్న పేస్టును పోల్చిన ఒక పరీక్ష 2001లో వెలువడింది. ఆరు నెలల్లో ఎక్కువ మోతాదు వాడినవారి వేరు పుచ్చుల్లో సగానికి పైగా గట్టిపడ్డాయి. మామూలు పేస్టు వాడినవారిలో మూడో వంతు కూడా గట్టిపడలేదు. బిడ్డకు బఠాణీ గింజంత కూడా జాగ్రత్తగా కొలిచి ఇవ్వాల్సిన పదార్థమే అవ్వాతాతలకు ఎక్కువ మోతాదులో కావలసి వచ్చింది.

నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మీద వాదం ఇంకా నడుస్తోంది. కెనడాలోని కాల్గరీ నగరం 2011లో కలపడం మానేసింది. ఏడేళ్ల తర్వాత రెండో తరగతి పిల్లల్ని చూస్తే అక్కడ దాదాపు 65 శాతం మందికి పుచ్చుపళ్లు ఉన్నాయి, కలపడం ఆపని ఎడ్మంటన్‌లో 55 శాతం మందికి ఉన్నాయి. కాల్గరీ 2025లో మళ్లీ మొదలుపెట్టింది. అదే ఏడాది అమెరికాలో యూటా రాష్ట్రం చట్టం చేసి నిషేధించింది. పేస్టు అందరికీ అందే ఈ రోజుల్లో నీళ్ల ద్వారా వచ్చే మేలు మునుపటికంటే బాగా తగ్గిందని 2024లో వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సమీక్ష తేల్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగే పిల్లల్లో తెలివితేటల కొలత తగ్గడంతో సంబంధం కనిపిస్తోందని అదే ఏడాది అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం మధ్యస్థ విశ్వాసంతో చెప్పింది. అక్కడివాళ్లు కలిపేది 0.7 మిల్లీగ్రాములు. మర్రిగూడ పిల్లలు తాగి పెరిగినది దానికి ఎన్నో రెట్లు.

కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణకు 2008-09లో జాతీయ కార్యక్రమం ప్రారంభిస్తూ మొదట ఎంచుకున్న జిల్లాల్లో నెల్లూరు ఒకటి. తెలంగాణలో నదీజలాలను ఇంటింటికీ తెచ్చే మిషన్ భగీరథ పథకం 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర మొదలై తర్వాతి ఏళ్లలో నల్లగొండ పల్లెలకు చేరింది. శ్రీశైలం నీళ్లను కొండ కింద సొరంగం గుండా నల్లగొండకు తేవడానికి తలపెట్టిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) పనుల్లో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వేరే రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనుషులు, ఎవరి ఊరి నీళ్ల కోసమో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

వంగిన ఎముకను నిటారు చేసే మందు లేదు. పంటి మచ్చను దంతవైద్యులు పైపొర అరగదీసో, పైన పూత వేసో కప్పగలరు. అందుకు అయ్యే ఖర్చు కూలి కుటుంబానికి భారం. నీళ్లు నిజంగా మారాయో లేదో చెప్పేది మాత్రం ఆ పళ్లే. కుళాయి వచ్చినా వంటకు బోరు నీళ్లే వాడుతున్న ఇల్లు, కుళాయి నీళ్లు వారానికి రెండు రోజులే వచ్చే ఊరు అధికారుల కాగితాల్లో కనబడవు. నల్లగొండలో కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఇప్పుడిప్పుడే శాశ్వత దంతాలు మొలుస్తున్నాయి. పుట్టిన ఏడాదిని బట్టి బడిపిల్లల్ని వేరుచేసి డీన్ కొలబద్దతో చూస్తే, ఓక్లీలో మెకే చూసినదాన్నే మన దంతవైద్యులు వందలాది ఊళ్లలో చూడవచ్చు. పన్నెండేళ్ల వయసుకు లెక్క స్పష్టమవుతుంది. నది నీళ్లు అందందే కనిగిరి, మార్కాపురం వైపు ఆ లెక్క మొదలుపెట్టడానికే వీల్లేదు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల ఫ్లోరైడ్ పల్లెల కోసం ఉద్దేశించిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాదిరాయి పడింది. దాని జంట సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు. ముంపు గ్రామాల పునరావాసం, మిగిలిన కాలువల పని అప్పటికింకా పూర్తికాలేదు.